ప్రథమ ఫలాల బల్ల మీది గుండు

స్టాప్ బోర్డు దగ్గర కారు ఆపి, మనసులో మూడంకెలు లెక్కపెట్టి గానీ కదలని మనిషిని నేను కృపావరం ఒక్కడినే చూశాను. నాలుగు వైపులా పురుగు కూడా ఉండదు. అయినా ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదుపుతాడు. వెనక కారువాడు హారన్ కొడితే భుజాలు ముడుచుకుని, "కొట్టుకోనివ్వండి సార్, టికెట్ రాసేది వాడు కాదు గదా" అంటాడు.

అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్లో మా మేనకోడలి ఇంట్లో మకాం వేసిన రోజుల్లో పరిచయమయ్యాడు. కాలు ఒకచోట నిలవని వాణ్ని గనక పొద్దున్నే పార్కుల వెంట తిరిగేవాణ్ని. ఒక శనివారం ఉయ్యాలల దగ్గర, చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో పొడవాటి కర్ర, కర్ర చివర పళ్లెం లాంటిది పెట్టుకుని, గడ్డిని ఇస్త్రీ చేస్తున్నట్టు అటూ ఇటూ ఊపుతూ నడుస్తున్నాడు. మొహం చూస్తే మనవాడే.

"ఏం వెతుకుతున్నారండీ?" అన్నాను.

"పోయినవండి."

"ఎవరివి?"

"ఎవరివో. నావైతే కాదండి."

ఆ జవాబు నాకు నచ్చి ఆ పూటంతా ఆయన వెంటే నడిచాను.

నేల మీద పడినదాన్ని ఏరుకుని బతికేవాళ్లని నేను చాలాచోట్ల చూశాను. రాజమండ్రి వంతెన కింద అయస్కాంతం ముక్కకి తాడు కట్టి గోదాట్లోకి విసిరి, భక్తులు రైల్లోంచి వేసిన నాణేలు పైకి లాగేవాళ్లున్నారు. ప్రొద్దుటూరులో కంసాలి వీధి మురికికాలవ మట్టిని తట్టల్లో కడిగి, నలకంత బంగారం తీసేవాళ్లున్నారు. వాళ్లది ఆకలి. కృపావరానికి ఆ ఆకలి లేదు. దొరికిన ప్రతి నాణేన్నీ చిన్న కాగితపు కవరులో పెట్టి, మీద తేదీ, పార్కు పేరు, ఎన్ని అంగుళాల లోతో రాసి అట్టపెట్టెలో దాచేవాడు. పేరు చెక్కిన ఉంగరం దొరికితే సొంతదారుణ్ని వెతికి పట్టుకుని ఇచ్చేసేవాడు. ఒకావిడ ముప్పై ఏళ్ల కిందట పోయిన పెళ్లి ఉంగరం చూసుకుని ఆయన్ని కౌగిలించుకుందట. "ఆ రోజు ఈ దేశంలో నేనూ ఒక మనిషిననిపించిందండి" అన్నాడు.

ఆయనకి యాభై రెండేళ్లు. తండ్రి నర్సాపురంలో తాపీమేస్త్రీ. కొడుకు ఎంసీఏ చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు చేసి, ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఒక ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టరు. అంటే ఇంకొకళ్లు కట్టినదాంట్లో పగుళ్లు వెతికే పని. ఆయన భయాలన్నీ వీసా చుట్టూ తిరిగేవి. మూడుసార్లు ఉద్యోగం ఊడింది. ఊడిన ప్రతిసారీ అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం ఖాళీ చెయ్యాలి. యాభై ఎనిమిదో రోజున దొరికిన ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిపోతుంది. పాస్‌పోర్టు నకళ్లు కారులో ఒక కట్ట, ఆఫీసు బ్యాగులో ఒక కట్ట. ఏ పార్కులోనైనా నేల తవ్వేముందు ఆ సిటీ వాళ్లకి ఈమెయిల్ రాసి, అనుమతి కాగితం ప్లాస్టిక్ తొడుగేయించి మెళ్లో వేసుకుంటాడు.

ఆఫీసులో పక్క సీటు నీరజ్ కరీంనగర్ వాడు, నోటికి అడ్డూ ఆపూ లేదు. పార్కులో ఎదురుపడితే వదలడు. "ఏందన్నా, పార్క్ ఊడ్వనీకి కాంట్రాక్ట్ దొర్కిందా? హెచ్‌వన్ మీద రెండో జాబ్ ఇల్లీగల్ మల్ల, జాగ్రత్త!"

నీరజ్ నవ్వి వెళ్లిపోయాడు. కృపావరం మాత్రం ఆ సాయంత్రమే లాయరుకి ఉత్తరం రాశాడు. పార్కులో దొరికిన నాణేలు ఆదాయం కిందికి వస్తాయా, రెండో ఉద్యోగం కిందికి వస్తాయా అని. రావని జవాబు వచ్చాకే మళ్లీ ఆ లోహాలు పసిగట్టే కర్రని, డిటెక్టర్‌ని, ముట్టుకున్నాడు.

అలాంటి మనిషి తాడు దాటాడు. నేను చెప్పబోయేది ఆ సంగతి.

ఆ ఏడు ఎండాకాలం వాన చుక్క పడలేదు. ఫ్రిస్కోకి గంట ప్రయాణంలో కేంద్ర ప్రభుత్వం వాళ్లు ఆనకట్ట కట్టి నింపిన పెద్ద లేక్ ఒకటుంది. వారాంతాల్లో తెలుగు సంఘాల పిక్నిక్‌లన్నీ అక్కడే. ఈతకొట్టేచోట ఇసక పోసిన ఒడ్డు, దానికి హద్దుగా తాడు, తాడుకి బోర్డు. ఇసకలో డిటెక్టర్ తిప్పుకోవచ్చు. తాడు దాటి లేక్ అడుగులో తిప్పడం, తవ్వడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. మామూలుగా దాటడానికి అక్కడ నేలే ఉండదు, నీళ్లుంటాయి. ఆ ఏడు నీళ్లు రెండు ఫర్లాంగులు వెనక్కిపోయి అడుగు బయటపడింది. నెర్రెలు విచ్చిన బురద మీద, ఆనకట్ట రాకముందు ఎవరో కట్టుకున్న ఇంటి పునాది తేలింది. మూడు రాతిమెట్లు. పైన ఇల్లు లేదు.

మునిగిన ఇళ్ల దగ్గరికి నేనూ పోయేవాణ్నే. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు తేలే గోడల్ని చూడ్డానికి ఓ ఏడు పనిగట్టుకుని వెళ్లాను. ఆ గుమ్మాల ముందు నిలబడితే లోపలినుంచి ఎవరో పిలుస్తారనిపిస్తుంది. మేస్త్రీ కొడుక్కి పునాది కనిపిస్తే ఇక చెప్పాలా? "రెండొందల అడుగులేనండి దాటింది. ఒక్కసారేనండి" అని నాతో ప్రమాణం చేసినట్టు చెప్పాడు.

మెట్ల పక్కన డిటెక్టర్ గట్టిగా పలికింది. మూరెడు లోతున ముందు ఇత్తడి మూతి కనిపించింది, చిలుము పట్టి ఆకుపచ్చగా. చుట్టూ తవ్వి పైకి లాగితే రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా అంత వస్తువు. ఒళ్లంతా తుప్పు, అడుగున రాగి పట్టీ, కొస ఇత్తడి. చెయ్యి లాగేసే బరువు. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూడ్డానికి దారానికి కట్టి వేలాడదీసే గుండు ఉంటుంది చూడండి, అచ్చం అదే ఆకారం. తండ్రి చేతిలో ఉండేది నిమ్మకాయంత. ఇది ఆనకట్ట కట్టినవాళ్లది అయ్యుంటుంది, అంత గోడకి ఇంత గుండు ఉండాలిగా అనుకున్నాడు. తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కారెక్కాడు.

ఇంట్లో భార్య దేవకుమారి దాన్ని చూసి, "పోన్లెండి, ఈసారి కుక్క మెడ బిళ్లలు కాదు" అంది. ఆవిడ ఒక పిల్లల డేకేర్‌లో టీచరు. చేతులు ఖాళీగా ఉంచుకోవడం తెలియదు. ఇత్తడి అనగానే ఆవిడకి గుర్తొచ్చేది చింతపండే. పాత నాణేలు ఏరేవాళ్లకి మొదటి పాఠం దేన్నీ తోమకూడదని. తోమితే దాని వయసు పోతుంది, విలువా పోతుంది. కృపావరం ఆ మాట ఇంట్లో వందసార్లు చెప్పాడు. కానీ ఇది నాణెం కాదుగా, గుండే కదా అని ఊరుకున్నాడు. ఆవిడ కుతకుతలాడే చింతపండు నీళ్లు దాని నెత్తిన పోసి, ఉప్పు రాసి, పీచుతో తోమింది. తుప్పు పెళ్లలు రాలడానికి అట్లకాడ తిరగేసి టకటకా తట్టింది. అరగంటకి మూతి పెళ్లికూతురిలా మెరిసింది. మెరిశాక దాని చుట్టూ ఉన్న కట్టు మీద సన్నటి గీతలు, అంకెలు బయటపడ్డాయి. సున్నా నుంచి ఇరవై ఒకటి దాకా.

కూతురు అబిగేల్ కాలేజీ నుంచి ఆ వారం ఇంటికొచ్చి ఉంది. వంగి చూసి, "డాడీ, దిస్ థింగ్ టర్న్ అవుతుంది!" అంటూ ఆ కట్టుని పట్టుకుని రెండు గీతలు తిప్పింది.

"పాడుచెయ్యకమ్మా" అన్నాడు తండ్రి.

మర్నాడు ఆదివారం, వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రథమ ఫలాల పండగ. కోస్తా సంఘాల్లో ఇది పెద్ద పండగ: పొలంలో మొదట పండినది, పెట్ట పెట్టిన మొదటి గుడ్డు, ఏదైనా సరే తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఇక్కడ పొలాలు లేవు గనక పెరట్లో కాసిన గోంగూర, సొరకాయ, గుమ్మడికాయ తెస్తారు. కృపావరం పెరడు ఇటుకలాంటి మట్టి, అందులో కొత్తిమీర కూడా మొలవలేదు. ఏటా ఉత్త చేతులతో వెళ్లి నామోషీ పడేవాడు. పాస్టరు షాలేం రాజు గారు పోయిన ఆదివారం ప్రసంగంలో, "పెరడు లేదని వంక పెట్టకండి. ఈ ఏడు నేల మీ చేతికి ఏమిచ్చిందో అది తెండి" అన్నారు.

నేల ఇచ్చింది కదా అనుకున్నారు మొగుడూ పెళ్లాం.

శనివారం సాయంత్రం కృపావరం దాని ఫొటో తీసి, నాణేలు ఏరేవాళ్ల ఇంటర్నెట్ గుంపులో, "ఇది ఏ కాలపు మేస్త్రీ గుండు?" అని పెట్టాడు. ఎక్కడ దొరికిందో రాయలేదు. ఇద్దరు ముగ్గురు ఎందుకు తోమావయ్యా అని తిట్టారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు నన్ను కూడా రమ్మన్నాడు. నాకు గుడి, మసీదు, చర్చి అన్న తేడా లేదు. భోజనం పెట్టేచోటైతే ఇంకా మంచిది. దేవకుమారి దాన్ని వెనక సీట్లో అబిగేల్‌కీ నాకూ మధ్య, దొర్లకుండా బియ్యం సంచీకి ఆనించి పెట్టింది. గంటకి డెబ్బై మైళ్ల మీద టోల్‌రోడ్డులో వెళ్లాం. మలుపు దగ్గర అది ఒకసారి నా మోకాలికి తగిలింది. చల్లగా ఉంది.

సంఘం ఒక అమెరికన్ చర్చి వెనక హాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి కూడుతుంది. నూటపాతిక మంది దాకా ఉన్నారు. పక్కగదిలో సండేస్కూలు పిల్లలు. ముందు పొడవాటి బల్ల, తెల్లదుప్పటి, దాని మీద కూరలు, ఊరగాయ సీసాలు, రెండు కొవ్వొత్తులు. గుండుని నడిమధ్య నిలబెట్టారు, అన్నిటికంటే అదే మెరుస్తోంది గనక. ఎవరో దాని మెడలో బంతిపూల దండ కూడా వేశారు. బల్లకి చేతికందే దూరంలో అబిగేల్ కీబోర్డు వాయిస్తోంది.

షాలేం రాజు గారు వారమంతా డయాలసిస్ సెంటర్లో టెక్నీషియను. ఆదివారం వచ్చేసరికి గొంతు మారిపోతుంది. ఈ పండగలో ఆయనొక పాత ఆచారం వదలరు. తెచ్చిన ప్రతి వస్తువునీ రెండు చేతులా తల మీదికి ఎత్తి, కుడికీ ఎడమకీ, ముందుకీ వెనక్కీ అల్లాడిస్తారు. సంఘం హల్లెలూయ అంటుంది. బైబిల్లో గోధుమ పనకి, అంటే కోసిన కంకుల కట్టకి, పుట్టిన ఆచారం గుమ్మడికాయల దాకా వచ్చింది. నిరుడు ఆయన గుమ్మడికాయ అల్లాడిస్తూ జారవిడిస్తే వయొలిన్ వాయించే ఆయన పాదం మీద పడిందని నా వెనక కూర్చున్న పెద్దాయన చెప్పి నవ్వాడు.

"ఈ గుండు ఆఖర్న" అన్నారు పాస్టరు గారు దాని నెత్తి మీద తట్టి. "ముందే ఎత్తితే నా నడుం పనైపోతుంది."

అందరూ నవ్వారు. మొదటి గోంగూర కట్ట లేచింది.

అప్పుడు కృపావరం జేబులో ఫోను వణికింది. తీసి చదివాడు. మళ్లీ చదివాడు. నాకు చూపించాడు. ఆ గుంపులో ఎవరో ముసలాయన ఇంగ్లీషులో రాసింది ఇదీ: అది మేస్త్రీ గుండు కాదు. ఫిరంగి గుండు. ఆ అంకెలు సెకన్లు, ఎన్ని సెకన్లకి పేలాలో పెట్టుకునేవి. సైన్యంలో ఇరవై రెండేళ్లు నేను చేసిన పని ఇదే. పేలుడు మందు ఎండిన కొద్దీ దాని బుద్ధి ఎవరికీ తెలియదు. కదపకు. తోమకు. వేడి తగలనివ్వకు. అందరినీ బయటికి పంపి 911కి ఫోన్ చెయ్యి. ఇప్పుడే.

ముందు నేను చేసిన పని తలుపు ఎక్కడుందో చూడటం. ఆయన మొహం చూస్తే, కుతకుతలాడే చింతపండు నీళ్లూ, అట్లకాడ దెబ్బలూ, అబిగేల్ తిప్పిన రెండు గీతలూ ఒకదాని వెనక ఒకటి ఆయన కళ్లలో నడుస్తున్నాయి. బల్ల మీద కొవ్వొత్తి దానికి జానెడు దూరంలో వెలుగుతోంది.

"చెప్పండి" అన్నాను.

"ఆ మాట అనకూడదండి ఇక్కడ" అన్నాడు, పెదాలు కదలకుండా.

ఆ మాట ఏదో నాకు తెలుసు. విమానం ఎక్కే ప్రతిసారీ అబిగేల్‌కి చిన్నప్పటినుంచీ ఆయన నేర్పిన జాగ్రత్త అది. ఇంగ్లీషులో అనకు, తెలుగులో అనకు, ఆటకి కూడా అనకు. మన రంగు మనుషులు జనం మధ్య ఆ మాట అంటే ఏమవుతుందో ఆయన వందరకాలుగా ఊహించుకుని ఉన్నాడు.

సొరకాయ లేచింది. హల్లెలూయ.

"ఐదు వారాల్లో గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ సార్. పన్నెండేళ్లు లైన్లో నిలబడ్డాం." చేతిలో ఫోను చెమటకి జారుతోంది. "ఎక్కడ దొరికింది అంటారు. లేక్‌లో అంటే నేరం. అదొక్కటి చాలు, ముగ్గురం మూటాముల్లె సర్దుకోవాలి."

ఊరగాయ సీసా లేచింది. ఆ తరవాత గుమ్మడికాయ. పాస్టరు గారు ఈసారి జాగ్రత్తగా ఊపి, చప్పట్లు కొట్టించుకుని దించారు. బల్ల మీద గుండు వంతు రాకముందు ఇంక ఒక వంకాయల బుట్టే మిగిలింది.

అబిగేల్ పాట మార్చడానికి పక్కకి వంగింది. వంగినప్పుడు ఆమె జడ ఆ ఇత్తడి మూతికి తగిలింది.

కృపావరం లేచాడు.

"అయ్యగారూ."

"కృపావరం గారు ఆగలేకపోతున్నారు!" అన్నారు పాస్టరు గారు మైకులో. "బ్రదర్, సాక్ష్యాలు అర్పణల తర్వాత."

"అయ్యగారూ, దాన్ని ముట్టుకోకండి."

"దేవుడికి ఇచ్చాక వెనక్కి అడక్కూడదు బ్రదర్!"

హాలంతా గొల్లుమంది. ఆడవాళ్ల వైపునుంచి దేవకుమారి, "ఏవండీ! కూర్చోండి. పరువు తియ్యకండి" అంది పళ్ల బిగువున.

ఆయన కూర్చోలేదు. నడవలోంచి ముందుకి నడిచాడు, పరిగెత్తకుండా, స్టాప్ బోర్డు దగ్గర కారు నడిపినంత నెమ్మదిగా. పాస్టరు గారు ఉత్సాహం మీదున్నారు. వంకాయల బుట్ట సంగతి మరిచిపోయి రెండు చేతులూ గుండు చుట్టూ వేశారు. కృపావరం కూతురి దగ్గరికి చేరి, ఆమె చేతిని కీబోర్డు మీదనుంచి తీసేసి, తనకీ బల్లకీ మధ్య లేకుండా ఆమెని వెనక్కి తోశాడు. అప్పుడు ఆ మాట అన్నాడు. మెల్లగానే అన్నాడు. కానీ కీబోర్డు ముందున్న మైకు దాన్ని హాలంతటికీ వినిపించింది.

"అది బాంబండి."

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసల్లో ఆగింది, వెనక వరసల్లో ఇంకాసేపు సాగింది.

"ఎత్తేశానయ్యా" అన్నారు షాలేం రాజు గారు. ఆదివారపు గొంతు పోయి డయాలసిస్ సెంటర్ గొంతు వచ్చింది. నిజమే, గుండు బల్లకి బెత్తెడు పైన ఉంది. "దించనా?"

కృపావరం ఫోను వంక చూశాడు. "కదపకు అని రాశాడండి."

"ఎత్తేశాక కదపకుండా ఎలా ఉండమంటావయ్యా? నా చేతులు వణుకుతున్నాయి. చెప్పు!"

కృపావరం కొవ్వొత్తులు రెండూ ఊది ఆర్పాడు. పాస్టరు గారి చేతుల కింద తన చేతులు పెట్టాడు. వెనక్కి తిరక్కుండానే, "సార్, పక్కగది పిల్లలు ముందు. వెనక తలుపు" అన్నాడు. అది నాకు చెప్పిన మాట. నా జన్మలో ఏ ఊళ్లోనూ చెయ్యని పని చేశాను, ఒకరు చెప్పినట్టు విన్నాను. పిల్లల గది తలుపు తీసి, రంగు పెన్సిళ్లు అక్కడే వదిలేయించి, గడ్డిలోకి నడిపించాను. నా వెనక కుర్చీలు పడుతున్నాయి. ఒక ముసలావిడ చక్రాల కుర్చీ గుమ్మం దగ్గర ఇరుక్కుంది. ఎవరూ అరవలేదు. అరిస్తే అది వింటుందని భయపడినట్టు, అందరూ గుసగుసగానే తోసుకున్నారు.

నేను మళ్లీ తొంగి చూసేసరికి నాలుగు చేతులు ఇంకా దాని చుట్టూనే ఉన్నాయి.

"నువ్వు ముందు వదులు" అంటున్నారు పాస్టరు గారు.

"మీరు వదలండి అయ్యగారూ. నేను తెచ్చింది."

గుండు అడుగు బల్లకి ఆనింది. రాగి పట్టీ చెక్కకి తగిలి టక్కుమంది. ఆ శబ్దానికి ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఏమీ కాలేదు. గోంగూర కట్టలు రెండు పక్కలా జరిపి, దొర్లకుండా ఆనించి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బయటికొచ్చారు. బంతిపూల దండ దాని మెడలోనే ఉంది.

911కి ఫోన్ చేసింది కృపావరమే. పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. "కె ఫర్ కైట్, ఆర్ ఫర్ రివర్..." అంటూ రెండుసార్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

పోలీసులు మమ్మల్ని వీధి అవతలి పార్కింగ్‌లోకి తరిమారు. కార్లు ముట్టుకోనివ్వలేదు. ఎండలో నూటపాతిక మందిమి పట్టుపంచెలతో, చీరలతో నిలబడ్డాం. దేవకుమారి భర్త చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ఏడుపు ఆపుకుంటోంది.

"ఎవరింటి ముందో పాత సామాన్ల గరాజ్ సేల్‌లో కొన్నామని చెప్పండి. నేనూ అదే చెప్తా. అయ్యగారూ, మీరూ వినండి. గరాజ్ సేల్."

షాలేం రాజు గారు తన అరచేతుల వంకే చూసుకుంటున్నారు. "నేనేం వినలేదమ్మా. నా చెవులు ఇంకా లోపలే ఉన్నాయి."

"అబద్ధమాడమని నేనెప్పుడైనా అడిగానా? ఇవాళ ఒక్కటి" అంది ఆవిడ. "పిల్ల చదువు రెండో ఏడులో ఉంది."

బాంబుల దళం అధికారి వచ్చాడు, బరువైన కోటు చేతి మీద వేసుకుని. ఎవరు తెచ్చారన్నాడు. కృపావరం చెయ్యెత్తాడు. ఎక్కడ దొరికిందన్నాడు. కృపావరం భార్య వంక చూశాడు. ఆ తరవాత గడ్డిలో కూర్చోబెట్టిన సండేస్కూలు పిల్లల వంక చూశాడు. వచ్చే శనివారం ఆ లేక్ ఒడ్డునే వాళ్ల పిక్నిక్. ఇసక తవ్వడానికి చిన్న పారలు కూడా కొన్నారు.

"లేక్ అడుగులో," అన్నాడు ఇంగ్లీషులో. "తాడు అవతల. బోర్డు చదివే దాటాను."

దేవకుమారి ఆయన చెయ్యి వదిలేసింది. అబిగేల్ వచ్చి తల్లి భుజం పట్టుకుంది.

ఆ గుండుని ఇసక నింపిన పెట్టెలో పెట్టి తీసుకుపోయారు. సోమవారం ఫోన్ వచ్చింది. ఊరికి దూరంగా పేల్చేశామనీ, లోపల మందు చెక్కుచెదరకుండా ఉందనీ చెప్పారు. ఆ మాట విన్నాక దేవకుమారి అట్లకాడని చెత్తబుట్టలో పడేసి, సింకు దగ్గరికి వెళ్లి నిలబడి, అలాగే కింద కూలబడిపోయిందట.

మంగళవారం లేక్ రేంజరు పిలిచింది, దొరికినచోటు వచ్చి చూపించమని. లాయరు ముందే గట్టిగా చెప్పాడు: "ఒక్క గుంత చూపించండి. ఒక్క టికెట్, ఒక్క జరిమానా రాస్తారు. ఇంటర్వ్యూలో అది ఒప్పుకుని, వివరించుకోవచ్చు. అడగనిది చెప్పకండి." కారు నడిపే స్థితిలో లేడు గనక మా మేనకోడలి కారులో నేనే తీసుకెళ్లాను. దారి పొడుగునా ఒక్కమాటే అన్నాడు: "ఒక్కటి చూపించి వచ్చేద్దామండి."

రేంజరు పొడగరి ఆడమనిషి, ఎండకి మొహం మాడిపోయి ఉంది. ఆమెతో సైన్యం వైపునుంచి ఇద్దరున్నారు. యుద్ధకాలంలో, లేక్ నింపకముందు, ఆ పల్లం మీద ఫిరంగులు కాల్చడం నేర్పేవాళ్లని పాత పటాల్లో ఉందట. ఎటువైపు కాల్చారో పటంలో లేదు. ఆమె ఎర్ర జెండాల కట్ట కృపావరం చేతికిచ్చింది, సన్నటి ఇనపతీగకి అంటించిన చిన్న జెండాలు. ఆయన మెట్ల పక్కన గుంతలో ఒకటి గుచ్చాడు. ఆమె టికెట్ల పుస్తకం తీసి ఒక కాగితం నింపింది.

"అంతేనా?" అంది.

ఆయన తల ఊపబోయి ఆపాడు.

ఈ డిటెక్టర్లకి ఒక ఏర్పాటు ఉంటుంది. వెండి, రాగి, ఇత్తడి అయితే సన్నగా పాడతాయి. ఇనుము అయితే గుర్రుమంటాయి. మేకులూ, చెత్త ఇనుమూ తవ్వి విసిగిపోతామని అందరూ ఆ గుర్రు వినపడకుండా మీట నొక్కేస్తారు. ఆయన మాత్రం టెస్టరు గనక ఎప్పుడూ నొక్కలేదు. విన్నాడు, వదిలేశాడు. ఆ రోజు మూతి ఇత్తడి గనక పాడింది. మూతి ఊడిపోయినవీ, ఇనుము తప్ప ఏమీ లేనివీ ఉంటే అవి పాడవు, గుర్రుమంటాయంతే.

"సార్," అన్నాడు నాతో తెలుగులో. "నేను ఒక్కసారి కాదండి దాటింది. పదకొండుసార్లు."

దూరంగా ఇసక ఒడ్డు మీద, ఇంకా తాడు దాటకుండా, ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని నీళ్ల వైపు నడిపించుకుపోతోంది. రేంజరు కూడా చూసి, చెయ్యి ఊపుతూ కేకేసింది. వాళ్లకి వినపడలేదు.

కృపావరం ఆ వైపే నడవడం మొదలుపెట్టాడు. పదడుగులకి వంగి ఒక జెండా గుచ్చాడు. "ఇక్కడ తవ్వాను. ఇక్కడ గుర్రుమంది, వదిలేశాను." ఇంకో జెండా. "ఇక్కడా." అడుగు ఎక్కడ పెట్టాలో తెలియక కాలు గాల్లో ఆపి, తన పాత అడుగుల జాడ వెతుక్కుని, దాని మీదే పాదం మోపుతున్నాడు. రేంజరు వెనకే వస్తూ కాగితం మీద కాగితం నింపుతోంది. మూడోదానికి ఆమె ఆగి, మెల్లగా, "అయ్యా, మీరు చెప్పే ప్రతి గుంతా నేను రాయాలి. తెలుసుగా?" అంది.

"తెలుసు" అన్నాడు.

ఏడు. తొమ్మిది. ఇసక ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి జెండాలు ఒకదాని పక్కన ఒకటి గుచ్చాల్సి వచ్చింది. ఆ తల్లి పిల్లల్ని చంకనేసుకుని కారు వైపు పరిగెత్తింది. ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది, తీగలు వంకరగా దిగుతున్నాయి. ఆఖరి జెండా తాడుకి రెండు బారల దూరంలో గుచ్చి, అక్కడే ఆగి, ఎదర పిల్లలు ఆడుకునే ఇసక వంక చూస్తూ రేంజరుని అడిగాడు.

"ఇంకో కట్ట ఉందా అండీ?"